తూటా అంచు చరిత్రము



మన పురాణములయందు వీరుని వింటికెంత ఖ్యాతి గలదో, అతని అమ్ములపొదికిని అంత ఖ్యాతి గలదు. ఖాండవదహనకాలమున అర్జునునకు గాండీవముతోడ రెండు అక్షయతూణీరములు లభించినవని భారతము చెప్పుచున్నది. వానియందు బాణములు తఱుగవు. బాల్యమున ఈ కథ వినునపుడెల్ల నాకొక సందేహము కలుగుచుండెడిది. బాణములు తఱుగకుండుట గొప్పయే. కాని ఒకటి విడిచిన తోడనే రెండవది చిక్కుపడక చేతికందుట ఎట్లు? ఒకదాని ఈకలు మఱియొకదాని మొనకు తగులుకొన్నచో ఎట్టి వీరుడైనను నిలిచిపోవలసినదే గదా! మా గురువుగారినడిగితిని. "అది దేవతలిచ్చిన పొది నాయనా, చిక్కుపడదు" అని నవ్వి ఊరకుండిరి.

దేవతలీయని పొది సంగతియే నేడు మీకు మనవి చేయబూనితిని. ఇప్పటి తుపాకికి పొది వంటిది మేగజైను. ఈ మాటకు పుట్టినిల్లు అరబ్బీభాష. ఆ భాషలో 'మఖ్‌జన్' అనగా సరకు దాచు కొట్టు. సర్కారు ధనము దాచు చోటిని మనము ఖజానా యనుచున్నాము గదా; ఆ మాటయు ఈ మాటయు ఒక్క ధాతువునుండి పుట్టిన అక్కచెల్లెండ్రు. ఒకతె తిన్నగా మన యింటికి వచ్చినది. మఱియొకతె ఐరోపాఖండమంతయు తిరిగి తుపాకిలో కాపురము పెట్టినది. ఖజానా నిండియున్నను తాళము పట్టివేసినచో కాసు చేతికి రాదు. మేగజైను స్థితియు నట్టిదే.

ఈ విషయము నేను గ్రంథములలో చదువుటకు ముందే అనుభవమువలన నేర్చుకొంటిని. 1979వ సంవత్సరమున నేను ప్రాచ్యకళాశాల విద్యార్థిని. ఉదయము వ్యాకరణము, అలంకారశాస్త్రము, సాయంకాలము ఎన్.సి.సి. కవాతు. 1948లో శాసనముచే ఏర్పడిన ఆ విద్యార్థి సైనికదళమున ఆనాడు మా చేతికిచ్చినవి త్రీనాట్‌త్రీ రైఫిళ్లు. గొట్టపు రంధ్రము అంగుళములో వేయింట 303 వంతులుండుటచే ఆ పేరు వచ్చినది. పోలీసు ఠాణా ముంగిట కానిస్టేబులు భుజమున వ్రేలాడిన బరువైన కొయ్యతుపాకిని మీలో పెద్దలందఱును చూచియే యుందురు. అదియే యిది.

శిబిరమున గుఱి అభ్యాసమునకు ఒక్కొక్కనికి ఐదేసి తూటాలిచ్చిరి. మొదటినాడు మా తరగతివాడే, నేతపనివారి బిడ్డ యొకడు, రెండవ తూటా దగ్గఱనే ఆగిపోయెను. గడియ ముందునకు కదలదు. తూటా గదిలోనికి పోదు. మాకు నేర్పు ఉస్తాదు కడపజిల్లావాడు, సైన్యములో చిరకాలము పనిచేసినవాడు, మిక్కిలి కఱకువాడు. పిల్లవాని అజాగ్రత్తయే కారణమని తలచి, రైఫిలు తలపైకెత్తించి మైదానము చుట్టు మూడుమాఱులు పరుగెత్తించెను. వాడు రొప్పుచు తిరుగుచుండగా మేమందఱము నవ్వితిమి. నేనును నవ్వితిని.

మఱునాడు నా వంతు. మూడవ తూటా దగ్గఱ నా గడియయు నిలిచిపోయెను. భయముతో అరచేత దానిని మోదబోతిని. వెనుకనుండి కేక వినవచ్చెను.

"ఆగు అబ్బాయీ! ఇనుముతో కుస్తీ వద్దు. చెయ్యి తీసెయ్."

ఉస్తాదు నా ప్రక్కన కూర్చుండి, తుపాకి మొన గుఱిదిబ్బ వైపే యుంచి, గడియ వెనుకకు లాగి, అడ్డుపడిన తూటాను వెలికిదీసెను. పిదప మేగజైను ఊడదీసి మిగిలినవానిని నా అరచేతిలో పోసెను.

"వీటి అడుగున అంచులు చూసినావా? ఏది ముందర పెట్టినావు, ఏది వెనక పెట్టినావు?"

నా యొద్ద సమాధానము లేదు. అంచులకు ముందువెనుకలున్నవన్న సంగతియే నేనెఱుగను.

ఈ తుపాకి పనిచేయు విధము తలుపుగడియను పోలియుండును. ఇంగ్లీషున దీనిని బోల్టు అందురు. పైకి త్రిప్పి వెనుకకు లాగుట, ముందునకు త్రోసి క్రిందికి త్రిప్పి బిగించుట, ఇంతే పని. ఇట్టి గడియతుపాకిని 1841లో ప్రుష్యా రాజ్యము తన సైన్యమునకు స్వీకరించెను. దానిని కల్పించిన డ్రైజె తాళములు చేయువాని కుమారుడు. ఆ కుటుంబవృత్తి అతని తుపాకియందు కానవచ్చుచునేయున్నది.

గడియ వెనుకకు వచ్చినపుడు కాలిన తూటాగుల్ల బయటపడును. అంతట పెట్టెలోని స్ప్రింగు ఒక పలకను, ఆ పలక తూటాలను పైకి నెట్టును. పైతూటా ఎగిరిపోకుండ పెట్టెనోటి అంచులు రెండును లోనికి వంగి దానిని పట్టియుంచును. వీనికి పెదవులని పేరు. గడియ ముందునకు పోవుచు తూటా అడుగును తాకి నెట్టగా, దాని మొన ఏటవాలు దారినెక్కి గొట్టపుగదిలో దూరును. సరియైన క్షణమున పెదవులు తూటాను విడువవలెను. ముందుగా విడిచినచో మొన పైకెత్తి గోడకు కొట్టుకొనును. ఆలస్యముగా విడిచినచో మొన దిగబడి అడ్డుపడును. స్ప్రింగు సడలినచో తూటా సకాలమున పైకి రాదు. గడియ దానిమీదుగా జాఱి వట్టిగదినే మూయును. కంగారులో గడియను పూర్తిగా వెనుకకు లాగకున్నను ఇదియే ఫలము. పెట్టె ప్రక్క నొక్కుపడినచో పలక నడుమ నిలిచిపోవును. దుమ్ము, ఇసుక, ఎండిన నూనె ఈ దోషములన్నింటికిని తోడగును.

ఇవి అన్ని గడియతుపాకులకును ఉన్న రోగములే. త్రీనాట్‌త్రీకి మాత్రము పుట్టుకతో వచ్చిన మఱియొక రోగము గలదు. దాని తూటా అడుగు మేకుతలవలె గుల్లకంటె వెడల్పుగా నుండును. ఆ యంచు గదినోటికి ఆనుకొని తూటాను మితిమీఱి లోనికి పోనీయదు. కాలిన గుల్లను కొక్కెము పట్టిలాగుటకు పట్టు నిచ్చును. ఒక్కొక్క తూటాను చేతితో పెట్టిన కాలమున ఈ యంచు ఉపకారియే. తూటాలను పెట్టెలో ఒకదానిపైనొకటి పేర్చగానే అదియే అపకారి యయ్యెను. పైతూటా అంచు క్రిందిదాని అంచునకు ముందుండినచో నెట్టినంతనే జాఱిపోవును. వెనుకపడినచో, ముందునకు పోవుచు క్రిందిదాని అంచునకు తగులుకొని రెండును పెనగులాడి నిలుచును.

ఇంటికి పెంకులు కప్పువాడు చూరునుండి మొదలిడి, పైవరుస కొస క్రిందివరుసమీదికి వచ్చునట్లు పేర్చుకొనుచు పోవును. వరుస తలక్రిందైనచో పెంకులు మంచివే యైనను ఇల్లు కురియును. నా తూటాలు మంచివే, తుపాకియు మంచిదే. తొందరలో బొటనవ్రేలితో నొక్కి నింపుచు నేను వరుస తప్పితిని. నాకు శిక్ష కాలేదు, పాఠము లభించినది.

ఈ యంచు మన చేతికి వచ్చిన దారి చిన్నది కాదు. అనేక తూటాలను తుపాకిలోనే దాచు ఉపాయములు పందొమ్మిదవ శతాబ్ది నడుమ బయలుదేఱినవి. మొదటివారు గొట్టము క్రింద మఱియొక గొట్టముంచి, అందు తూటాలను చీమలబారువలె నింపిరి. 1877లో ప్లెవ్నావద్ద తురుష్కులు ఇట్టి వించెస్టరు తుపాకులతో రష్యనులకు అపారమైన నష్టము కల్గించిరి. 1886లో ఫ్రెంచివారు స్వీకరించిన లెబెల్ తుపాకియు గొట్టపుపొదిదే. అందు 8 తూటాలు పట్టును. కాని ఇందు వెనుకటిదాని మొన ముందటిదాని అడుగునకు ఆనియుండును. నిప్పుపుట్టించు టోపీ యున్నది ఆ యడుగుననే. తుపాకి అదిరినపుడు మొన టోపీని పొడిచినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. అందుచే ఫ్రెంచివారు టోపీ చుట్టు గాడి తీసి, వెనుకటి మొన అందు నిలుచునట్లు చేసిరి.

ఈ భయమును మొదలంట తీర్చినవాడు జేమ్సు పారిస్ లీ. ఇతడు 1831లో స్కాట్లండున పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసెను. గడియ క్రింద నిలువుపెట్టె నమర్చు పద్ధతికి 1879లో పేటెంటు పొందెను. తూటాలు బారులు తీఱుట మాని ఒకదానిపైనొకటి పరుండినవి. 1888లో ఇంగ్లండు ఈ పెట్టెగల లీ-మెట్‌ఫర్డు రైఫిలును స్వీకరించెను. అందు మొదట 8 తూటాలు ఒకే వరుస. 1892 నాటికి 10 తూటాలు ఎడమకుడిగా రెండు వరుసలు. 1895లో గొట్టములోని గాళ్లు మాఱి, లీ-ఎన్‌ఫీల్డు అను పేరు వచ్చినది.

అయినను ఆనాటి అధికారులకు సిపాయిపై నమ్మకము చాలదు. తూటాలు వృథాచేయునని శంకించి పెట్టెనోటికి అడ్డముగా ఒక ఇనుపరేకు పెట్టించిరి. సిపాయి సామాన్యముగా ఒక్కొక్క తూటాను చేతితో గదిలో పెట్టి కాల్చవలెను; ఆపద వచ్చి సేనాని ఆజ్ఞాపించినప్పుడే రేకు తొలగించి పెట్టెలోనివి వాడవలెను. ఖజానాకు తాళము వేసి తాళపుచెవి దొరగారి బొడ్డున నుంచినట్లున్నదీ యేర్పాటు. పెట్టెలోని పదియు ముగిసినచో, మరల ఒక్కొక్కటిగా వరుస చూచి నింపవలెను.

ఇదే కాలమున జర్మనీదేశమున ఓబర్న్‌డార్ఫ్ పట్టణమున పౌల్ మౌజరు వేఱుదారి పట్టెను. 1889లో బెల్జియమువారు స్వీకరించిన అతని తుపాకికి తూటాలు విడివిడిగా నింపనక్కఱలేదు. ఐదు తూటాలు ఒక సన్నని రేకుపట్టెకు ఎక్కించియుండును. పట్టెను తుపాకిపై నిలిపి బొటనవ్రేలితో నొక్కినచో ఐదును ఒక్క ఊపున లోనికి దిగును. పట్టె బయటనే యుండిపోవును. ఆస్ట్రియాదేశపు మాన్లిహరు తుపాకియందు పట్టెకూడ లోనికే పోయి, తూటాలన్నియు ముగిసిన పిమ్మట అడుగుబొక్కనుండి రాలిపడెడిది. ఆ బొక్కనుండియే బురదయు లోని కెక్కుచుండెడిది.

1893లో స్పెయినుకై చేసిన మౌజరు తుపాకియందు మూడు మెలకువలు గలవు. తూటాకు వెలి అంచు లేదు. దానికి మాఱుగా అడుగున గాడి. కాబట్టి అంచుకంచు తగులుకొనుట అన్నది లేనేలేదు. పెదవులు పలుచని రేకుతో చేసిన వేఱుపెట్టెకు గాక తుపాకి ఉక్కుశరీరముననే మలచబడినవి, అవి వంగవు. గడియ ప్రక్కనున్న పెద్దకొక్కెము తూటా పైకి వచ్చుచుండగనే గాడిని పట్టుకొని చేయిపట్టి నడిపించినట్లు గదిలోనికి కొనిపోవును. ఒకటి లోన నుండగా రెండవది వెంటబడి దూరుట కవకాశము లేదు. లీ పెట్టెలో పది, మౌజరు పెట్టెలో ఐదు. లీ పెట్టె ఊడదీయవచ్చును, కావున శుభ్రపఱచుట సులభము. కాని ఊడునది నొక్కులు పడును. మౌజరు పెట్టె కదలదు. కావున చెడుట అరుదు. ఒకరి గుణమే ఒకరి దోషము.

ఈ రెండు పెట్టెలును 1899లో దక్షిణాఫ్రికాయందు ఎదురుపడినవి. బోయరు రైతుల చేతులలో ఐదేసి తూటాల పట్టెలతో మౌజరు తుపాకులు. ఆంగ్లసైనికుల చేతులలో ఒక్కొక్క తూటా నింపు లీ తుపాకులు. ఆ డిసెంబరున 10వ తేదీన స్టార్మ్‌బర్గు, 11న మాగర్స్‌ఫాంటెయిన్, 15న కొలెన్సో: ఒక్కవారములో మూడు ఓటములు. కేవలము తూటాపెట్టె వలననే ఇవి కలిగెనని చెప్పుట చరిత్రకు ద్రోహము. ఎదుటివాని జాడ తెలియక బారులుతీర్చి నడిపించిన సేనానుల పొరపాట్లును, బోయరుల కందకములును ముఖ్యకారణములు. అయినను నేలబారున పండుకొని, చెమటచేతులతో జేబులోని తూటాలను ఒక్కొక్కటే తీసి నింపుకొనుచున్నవాని యవస్థ మనము ఊహించుకొనవచ్చును.

ఆ రంగమున మనవారును ఉండిరి. గాంధీగారు నటాలులో కూర్చిన భారతీయ వైద్యసహాయదళమున సుమారు 1,100 మంది చేరిరి. అందు మున్నూఱుమంది స్వతంత్రులు. తక్కినవారు ఒప్పందపు కూలీలు. నటాలు చెఱకుతోటలకు మదరాసు రేవునుండి ఓడలెక్కిన కూలీలలో అఱవవారితోపాటు తెలుగువారును వేలకొలది యుండిరి. కొలెన్సో, స్పియాన్‌కాప్ యుద్ధములలో గాయపడినవారిని డోలీలపై ఈ దళమువారు మోసికొనిపోయిరి. తుపాకులలోని భేదమునకు మూల్యము ఏ రూపమున నుండునో వారి భుజములకు తెలిసినది.

1902లో యుద్ధము ముగియగానే ఎల్గిను ప్రభువు అధ్యక్షతన విచారణసంఘము కూర్చుండెను. 1894 మొదలు 1899 వఱకు మనకు వైస్రాయిగా నుండిన ఎల్గినే యితడు. ఆ యేడాది చివరనే ఇంగ్లండు పొట్టిగొట్టపు లీ-ఎన్‌ఫీల్డును స్వీకరించినది. పట్టెతో నింపు పద్ధతిని మౌజరునుండి గ్రహించిరి. పెట్టె లీదే యుండెను. అంచుగల తూటాయు అదియే యుండెను. అంచులు చిక్కుపడకుండ, పట్టెలోనే ఐదు తూటాలను ఒకటి విడిచి ఒకటి ఎత్తుపల్లములుగా కూర్చిరి. ఏ కొస పైకి పెట్టినను వరుస ఒకటే. సిపాయి చేయవలసిన ఆలోచనను కార్ఖానాలో ముందుగనే చేసిపెట్టుట అన్నమాట. 1914 నాటికి శిక్షణ పొందిన ఆంగ్లసైనికుడు నిమిషమునకు 15 మాఱులు గుఱిచూచి కాల్చవలెనని నియమము. నమ్మకములేని కాలపు ఆ అడ్డురేకు 1916లో తొలగిపోయినది.

ఇంతలో మఱియొక మార్పు. 1910లో ఆంగ్లేయులు మొద్దుమొన తూటాను విడిచి సూదిమొన తూటాను చేపట్టిరి. మొన యాకారము మాఱగనే మేగజైనును, తూటా ఎక్కు ఏటవాలు దారిని సరిదిద్దవలసి వచ్చెను. గుఱిచూపు లెక్కలును మాఱినవి. 1914 శరత్కాలమున భారతసైన్యపు లాహోరు, మీరటు డివిజనులు ఫ్రాన్సున మార్సెయిల్సు రేవున దిగినపుడు వారి చేతులలోని తుపాకులు పాతతూటాకు తగినవి. రేవుననే వానిని తీసికొని క్రొత్తవి యిచ్చిరి. చేతికి అలవడిన తుపాకిని విడిచి ముక్కుమొగ మెఱుగని తుపాకితో వారు ఆ చలిదేశపు కందకములలోనికి నడచిరి.

అంచే ఇన్ని చిక్కులకు మూలమైనపుడు దానిని తీసివేయరాదా యని మీరడుగవచ్చును. ఆంగ్లేయులు ప్రయత్నించిరి. 1913లో అంచులేని క్రొత్తతూటాతో, మౌజరు పద్ధతి తుపాకిని పరీక్షించుచుండగా, మఱుసటి యేట యుద్ధము వచ్చిపడెను. కోట్లకొలది పాతతూటాలు, వానిని చేయు యంత్రములు కార్ఖానాలలో నుండగా క్రొత్తది మొదలిడుట కెవ్వరికిని ధైర్యము చాలలేదు. 1888లో ఒక్కమాఱు పెట్టిన అంచు అట్లు ఏడుపదుల యేండ్లవఱకు నిలిచినది.

మన దేశమున ఆ తుపాకులు చేసిన ముఖ్యస్థానము వంగదేశపు ఈశాపూరు. కంపెనీనాటి మందుగుండు కార్ఖానా యుండిన చోట 1904లో రైఫిలు కార్ఖానా వెలసినది. దానికి దగ్గఱనే బారకుపూరు. 1857 మార్చి 29న మంగళపాండే తిరుగబడినది అచ్చటనే. నోటితో కొఱుకవలసిన కొవ్వుతూటాయే ఆనాడు కలతకు కారణములలో నొకటి. సిపాయి చేతిలో పెట్టు వస్తువును గూర్చి సిపాయి నడుగకపోవుట ఆనాటి ప్రభువుల దోషము.

1962లో చీనాతో పోరాడినపుడును మన సైనికుల చేతులలో త్రీనాట్‌త్రీయే యుండెను. అటుపిమ్మట ఈశాపూరువారు లీ గడియనే యుంచి, అంచులేని 7.62 మిల్లీమీటరుల తూటాకు తగిన రైఫిలును చేసి, 12 తూటాలు పట్టు పెట్టె నమర్చిరి. అంచు చిక్కు అంతటితో తీఱినది. పాతవి పోలీసువారి యొద్ద మిగిలినవి. ఉత్తరప్రదేశపు పోలీసులు 2020 జనవరి 26వ తేదీ కవాతుతో వానికి వీడ్కోలు చెప్పిరి.

ఇక నా శిబిరమునకు తిరిగి వచ్చెదను. నా మేగజైనును చూచిన సాయంకాలము ఉస్తాదు మనసులో ఏమి మెదలెనో, మునుపటిదినము ఆగిపోయిన రైఫిలును తెప్పించెను. మేగజైను ఊడదీసి పలకను వ్రేలితో నొక్కి విడిచెను. అది తేటగా పైకి లేచినది. ప్రక్కలు తడవెను, నొక్కులు లేవు. మందులేని అభ్యాసపు తూటాలను వరుస తప్పకుండ నింపి గడియ నాడించెను. రెండవది ఆగిపోయెను. దీపము వెలుగున పెట్టెనోరు చూడగా కుడిపెదవి ఎడమదానికంటె రవ్వంత తెఱచుకొనియున్నది. పట్టకారుతో వెండ్రుకవాసి వంచుట, అభ్యాసపు తూటాలతో చూచుట, మరల వెండ్రుకవాసి వంచుట. అర్ధగంటసేపు ఇదే పని. తుదకు ఐదును నీటిధారవలె సాగిపోయినవి. నేను దీపము పట్టుకొని నిలుచుంటిని.

మఱునాటి ఉదయము వరుసలో నిలిపి, ఆ పిల్లవానిని ముందునకు పిలిచి అందఱు వినుచుండగా ఇట్లనెను:

"మొన్న తప్పు నీది కాదు అబ్బాయీ, పెట్టెది. చూడకుండా నిన్ను పరిగెత్తించింది నేను. మనసులో పెట్టుకోవద్దు."

వాడు తలవంచుకొని "పర్వాలేదు సార్" అనెను. నవ్వినవారిలో ఒక్కడును నోరు మెదపలేదు. తప్పుచేసి శిక్ష తప్పించుకొన్న నేను మొదటే మెదపలేదు. వానికి నేను చెప్పవలసిన మాట నేటికిని నాలోనే నిలిచియున్నది.

తరువాత ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పితిని. పద్యము నడుమ పిల్లవాని గొంతు ఆగిపోయినపుడెల్ల ఆ దీపపు వెలుగు జ్ఞాపకము వచ్చెడిది. బెత్తము ప్రక్కనబెట్టి, నేను చెప్పిన వరుస సరిగానున్నదా యని ముందు చూచుకొనెడివాడను. చాలమాఱులు దోషము నా యొద్దనే దొరకెడిది.